నాలుగు వేళ్ళ ఇనుము

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పెదనాన్న మనవడు రామం సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. వాడికి రాజమండ్రి కోర్టులో గుమాస్తా పని. ఊళ్ళో ఉన్న సైకిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి తనదని వాడికి మహా గొప్ప. దాన్ని అరుగుకి ఆనించి లోపలికి వస్తుంటే నా కళ్ళు వెనక చక్రం మీద పడ్డాయి. రబ్బరు టైరు అడ్డంగా తెగి ఉంది. తెగినచోట పాత పంచె పేలిక చుట్టి, దాని మీద తీగ బిగించాడు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ముడి నేలకి కొట్టుకుని టప్పు టప్పుమంటుందట. అది కూడా వాడే నవ్వుతూ చెప్పాడు.

"కొత్తది వేయించుకోకూడదట్రా?" అన్నాను.

"మద్రాసు నుంచి రావాలండి అత్తయ్యగారూ. ఇంకో నాలుగు నెలలు లాగుద్దండి ఇది. గుడ్డ తడిపి చుడితే ఇంకా గట్టిగా పట్టుకుంటదండి. మా ఇంట్లో నన్ను తాతగారి పోలికంటారండి. ఆయన పాత సామాను తోటే బండి నడిపించేవారటగా? అంత పొదుపు మనిషి తాలూకాలోనే లేడంటారు."

వాడి కోసం మజ్జిగ కలుపుతున్నదాన్ని గ్లాసు కింద పెట్టేశాను. "లే. ముందు ఆ టైరు మార్చుకో. మార్చేదాకా దాన్ని నడిపించుకుంటూ తిరుగు గాని ఎక్కకు. మార్చకుండా నా గుమ్మం తొక్కావంటే ఊరుకోను" అన్నాను. వాడు బిత్తరపోయి వెళ్ళిపోయాడు. ముసలిదానికి చాదస్తం ముదిరిందని ఈపాటికి బంధువులందరికీ చెప్పే ఉంటాడు. చెప్పుకోనీ. వాళ్ళ తాతగారి పొదుపు ఎవరి కాలు తిన్నదో ఎరిగినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా నోరు మూసుకుని పోతే ఆయన పొదుపుకి హారతి పట్టేవాళ్ళే ఉంటారు. అందుకని రాస్తున్నాను. చనిపోయినవాళ్ళని తిట్టకూడదంటారు. బతికుండగా తిట్టనివ్వని మనిషిని మరెప్పుడు తిట్టాలి?

నా చిన్నప్పుడు మా ఇల్లు కాలువ గట్టు మీద ఉండేది. అప్పటికి గోదావరికి ఆనకట్ట కట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. పెద్దవాళ్ళు ఇంకా కరువు కబుర్లు చెప్పుకునేవారు. నా ఈడు పిల్లలకి మాత్రం నీళ్ళంటే గుమ్మం ముందు ఎప్పుడూ ఉండేవే. ఏడాదిలో పది నెలలు కాలువ నిండుగా పారేది. గిన్నెలు తోమడం, గేదెల్ని కడగడం, బట్టలుతకడం, జగడాలాడుకోవడం అన్నీ ఆ రేవులోనే. ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీద సామర్లకోట వెళ్ళేవి. పడవ రేవుకి దూరమైన ఊళ్ళ సరుకంతా బండి మీద వెళ్ళవలసిందే. మా ఇంటికి ఒక బండి, ఒక జత ఎడ్లు ఉండేవి. బండి తోలేది మా నాన్న సుబ్బయ్య. బండి ఎప్పుడు కట్టాలో, ఎవరి సరుకు వేసుకోవాలో, ఎడ్లకి చిట్టు ఎంత పెట్టాలో చెప్పేది మా పెదనాన్న గంగయ్య. ఆయన బండెక్కి పగ్గం పట్టుకోగా నేను ఒక్కనాడు కూడా చూడలేదు.

పెదనాన్న పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆ పుల్ల పొద్దెక్కేదాకా నమిలేవాడు. తర్వాత చుట్ట. చుట్ట సగం కాల్చి ఆర్పి చెవిలో దోపుకునేవాడు, మిగతా సగం భోజనమయ్యాక. తెగిన పలుపులు, ఊడిన మేకులు, పగిలిన చాట ముక్కలు ఏవీ పారేయనిచ్చేవాడు కాదు. పెరటి చావిట్లో అవన్నీ గుట్టగా పడి ఉండేవి. ఆ చావిట్లోకి వెళితే కుళ్ళిన పీచు, పాత ఆముదం, ఎలకల కంపు కలిసి కొట్టేది. ఆ చావిడి ఊడ్చేది మా అమ్మ. ఒక తాడు ముక్క కనపడకపోతే జవాబు చెప్పుకోవలసిందీ ఆమే. నాకు ఆయనంటే భయం ఉండేది కాదు, ఒళ్ళుమంట ఉండేది. పదేళ్ళ పిల్లకి అంత మంట ఎక్కడిదని అడిగితే, ఆ ఇంట్లో వారం రోజులుండి చూడమంటాను.

మా అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. మరదలు బావగారి ఎదుట పడకూడదు, గొంతు వినిపించకూడదు అని ఆచారం. ఏదన్నా చెప్పాలంటే వంటింటి తలుపు చాటున నిలబడి నాతో చెప్పేది. నేను నాలుగడుగులు అవతల అరుగు మీదున్న ఆయనతో అదే మాట తిరిగి చెప్పాలి. ఆయనకి మొదటిసారే వినబడుతుంది, అయినా విననట్టు చుట్ట పీలుస్తూ కూర్చునేవాడు. ఆయన జవాబు ఆమెకీ వినబడుతుంది, అయినా నేను మళ్ళీ మోయాలి. వాళ్ళ మాటల మధ్య నా చిన్నతనమంతా ఆ నాలుగడుగులూ తిరుగుతూ గడిచింది.

ఒక ఏడు వర్షాకాలం వెళ్ళాక మా బండి కుడి చక్రం ఇనప పట్టా అరిగి అరిగి అతుకు దగ్గర విరిగింది. ధవళేశ్వరంలో ఆనకట్ట పనులకి వాడిన పాత ఇనుము వేలం వేస్తున్నారని తెలిసి పెదనాన్న వెళ్ళి ఒక పట్టా కొనుక్కొచ్చాడు. మంచి మందమైన పట్టా, ఎక్కడా బీట లేదు. చవగ్గా కూడా వచ్చింది. దాన్ని స్వయంగా వీధి వెంట దొర్లించుకుంటూ కమ్మరి బ్రహ్మయ్య కొలిమి దగ్గరికి తీసుకెళ్ళాడు. వెనకే మా నాన్న చక్రం దొర్లించుకెళ్ళాడు. నేను పళ్ళరిగిన కొడవలికి కక్కు కొట్టించడానికి అప్పటికే అక్కడున్నాను. కొలిమి దగ్గర పది మంది దాకా జనం ఉన్నారు.

బ్రహ్మయ్య ఒక పురికొస తీసి చక్రం చుట్టూ తిప్పి ముడి వేశాడు. అదే పురికొస పట్టా లోపలి అంచు వెంట పరిచి చూశాడు. చూసి తల గోక్కున్నాడు.

"పట్టా బంగారం లాంటిదండి గంగయ్యగారూ. కానైతే మన చక్రం కొలతది కాదండి. రెండు వేళ్ళు ఎక్కువుంది. పట్టా ఎప్పుడూ చక్రం కన్నా రెండు వేళ్ళు తక్కువుండాలండి. కాలిస్తే సాగుద్ది, చక్రం మీద వేసి నీళ్ళు కొడితే ముడుచుకుని చెక్కని కరిచి పట్టుకుంటది. అంచేత దీంట్లో నాలుగు వేళ్ళు కోసేసి అతకాలండి. నాకో పూట పని. మీకు గంపెడు పిడకలు ఖర్చు, అంతే."

"సర్కారు ఇనుముని కోస్తావా?" అన్నాడు పెదనాన్న. "నాలుగు వేళ్ళ ముక్కంటే రెండు కొడవళ్ళవుద్ది. కోసిన ముక్క ఎక్కడికెళ్ళుద్దో నాకు తెలీదనుకున్నావేంటి?"

బ్రహ్మయ్య పురికొస వదిలేసి లేచి నిలబడ్డాడు. "ఆ ముక్క తమరే పట్టుకెళ్ళండి బాబూ. మొలతాడుకి కట్టుకోండి. దిష్టి తగలకుండా ఉంటది."

అక్కడున్న వాళ్ళందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. పెదనాన్న నవ్విన ఒక్కొక్కరి మొహం కేసీ చూశాడు, నా మొహం కేసి కూడా. పట్టా ఎత్తించుకుని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఆ కొలిమి ఉన్న వీధిలోంచి నడవడం కూడా మానేశాడు.

కానీ చక్రానికి పట్టా కావాలి. వడ్రంగిని పిలిచి, చక్రం అంచుకీ పట్టాకీ మధ్య ఉన్న సందులో తాటి చెక్క పేడులు, గోనె సంచి ముక్కలు దట్టించి కొట్టించాడు. ఆ తర్వాత చక్రాన్ని కాలువలో నానబెట్టమన్నాడు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. ఉబ్బిన చెక్క పట్టాకి బిర్రుగా పట్టింది. సుత్తితో కొడితే ఖణేల్‌మంది. "చూశావట్రా సుబ్బా, కమ్మరి లేడు, కొలిమి లేదు, పిడకలు లేవు" అని పెదనాన్న ఆ వారమంతా దారిన పోయేవాళ్ళని ఆపి మరీ ఆ చక్రం చూపించాడు. గంపెడు పిడకలు మిగుల్చుకున్నందుకు ఊరంతా చాటుకున్న మనిషి ఆయన.

అప్పటి నుంచి మా నాన్నకి రోజూ ఒక పని తోడైంది. సాయంత్రం ఎడ్లని విప్పాక ఇరుసు కింద దిమ్మ పెట్టి, చీల తీసి, చక్రాన్ని ఊడదీసి రేవులోకి దొర్లించుకెళ్ళి నీళ్ళలో పడుకోబెట్టేవాడు. తేలకుండా పైన పగిలిన రోలు పెట్టేవాడు. కందెన జిడ్డు నీళ్ళ మీద తెట్టులా కడితే రేవులో ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టేవారు. ఆ తిట్లన్నీ తినేది మా అమ్మ. పొద్దున్నే నాన్న నాచు పట్టిన చక్రాన్ని ఈడ్చుకొచ్చి మళ్ళీ తొడిగేవాడు. ఆయన ఒళ్ళంతా తడి చెక్క వాసన వేసేది. విసుక్కునేవాడు కాదు. ఆయన ఓపికని ఊరంతా మెచ్చుకునేది. నేను కూడా చాలా ఏళ్ళు మెచ్చుకున్నాను.

మా అమ్మ వెంకమ్మది కోరుకొండ వైపు మెట్ట ఊరు. అక్కడ కాలువలు లేవు, నీళ్ళంటే నూతిలో పది బారల తాడు దింపితేనే వచ్చేవి. ఎండకి చెక్క ఎలా ముడుచుకుపోతుందో ఆమె పుట్టినప్పటి నుంచి చూసింది. డెల్టా వాళ్ళకి ఆ భయం లేదు. చక్రం ఎండేలోపు ఏదో ఒక కాలువ దాటనే దాటుతారు. నీళ్ళు ఎప్పుడూ ఉంటాయనే ధీమాతోనే బతికేవారు. కాని వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడానికి, లాకులు బాగుచేయడానికి నీళ్ళాపేస్తే రెండు నెలలు అడుగు ఎండి నెర్రెలిచ్చేది. అప్పుడు పడవలు ఆగిపోతాయి. పడవ సరుకంతా బండ్ల మీద పడుతుంది. చక్రానికి నీళ్ళు లేని రోజుల్లోనే బండికి పని ఎక్కువ.

కాలువ కట్టేస్తున్నారని దండోరా వేసిన రోజున అమ్మ తలుపు చాటుకి వచ్చింది. చేతులకి పిండి ఉంది, కడుక్కోలేదు.

"అమ్మడూ, మీ పెదనాన్నగారితో చెప్పు. ఎల్లుండి కాలువ కట్టేస్తారట. చక్రం ఎక్కడ నానేస్తారో కనుక్కో."

నేను వెళ్ళి చెప్పాను.

"మీ అమ్మతో చెప్పు. ఊళ్ళో నూతులున్నాయి, ఇంట్లో గోలెం ఉంది."

నేను తిరిగొచ్చాను. "గోలెంలో బండి చక్రం పట్టుద్దేమో అడుగు" అంది అమ్మ.

"మెట్ట వాళ్ళకి నీళ్ళ సంగతేం తెలుసో కనుక్కో" అన్నాడు ఆయన.

"ఎండ సంగతి తెలుసని చెప్పు. అత్తెసరు బిగుతుతో బరువెత్తితే లాకు వంతెన దిగేటప్పుడు పట్టా ఊడుద్దని చెప్పు. ఆ బండి మీద ఉండేది నా మొగుడని చెప్పు."

ఈ ముక్క నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే ఆయన చెవిలోంచి చుట్ట తీసి వెలిగించుకున్నాడు. "ఆ బ్రహ్మయ్య గుమ్మం నా చక్రం తొక్కదు. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు. వాడొచ్చి తప్పయిందంటే అప్పుడు చూద్దాం. అంతదాకా ఈ ఇంట్లో పట్టా మాట ఎత్తితే బాగుండదు."

కాలువలు కట్టేసిన మూడోనాడు ఊళ్ళో చక్రాలు కాల్చేవారు. ఏటా ఒక్కటే రోజు. పట్టా వదులైన ఇళ్ళవాళ్ళందరూ తలా ఒక గంపెడు పిడకలు తెచ్చి కొలిమి ముందు బయల్లో పోసేవారు. వాటిని గుండ్రంగా పేర్చి, మధ్య మధ్య కొబ్బరి డొక్కలు దోపి, పట్టాలన్నీ ఒకే మంటలో కాల్చేవారు. ఎర్రగా కాలిన పట్టాని ముగ్గురు పటకారులతో ఎత్తి చక్రం మీద దింపితే చెక్క భగ్గుమనేది. వెంటనే కడవలతో నీళ్ళు. తెల్లటి ఆవిరిలో పట్టా ముడుచుకుంటుంటే చక్రం ఆకులు, వాటి చుట్టూ అంచు కట్టే పూటీలు కీచుమంటూ ఒకదాంట్లో ఒకటి బిగుసుకునేవి. ఒకరి పిడకలు ఇంకొకరికి, ఒకరి రెక్కలు ఇంకొకరికి. కమ్మరికి పంట మీద ఇచ్చే మేర ఎటూ ఉంది. ఊళ్ళో అందరికన్నా బీద రైతు కూడా ఆ రోజు చక్రం గట్టి చేయించుకుని వెళ్ళేవాడు.

ఆ రోజు పొద్దున పెదనాన్న మునసబుగారింటికి వెళ్ళాడు. నాన్న ఎడ్లని మేతకి తోలుకెళ్ళాడు. అమ్మ పైట బిగించి, బండి దగ్గరికి వెళ్ళి, ఇరుసు కింద దిమ్మ తోసి, చీల పీకింది. చక్రం నా తల కన్నా ఎత్తుంది. "నువ్వు అటు పట్టుకో, పడనివ్వకు" అంది. పిడకల గంప ఆమె నెత్తి మీద. ఒక చేత్తో గంప, ఒక చేత్తో చక్రం. ఇద్దరం వీధిలోకి దొర్లించుకొచ్చాం. మూడు రోజులకే పట్టా వదులై అడుగడుక్కీ గడగడలాడుతోంది. అరుగుల మీద ఉన్నవాళ్ళు మాటలాపి చూశారు. ఒక ముసలమ్మ "అయ్యో, ఆడది చక్రం దొర్లిస్తందేంటే" అని బుగ్గలు నొక్కుకుంది. ఒక్కడూ లేచొచ్చి చెయ్యి వెయ్యలేదు. ఆ వీధిలో ఎవరెవరు ఏ అరుగు మీద కూర్చున్నారో నేను ఇప్పటికీ చెప్పగలను.

మమ్మల్ని చూసి బ్రహ్మయ్య పటకారు దించాడు. "అమ్మా, తమరొచ్చేరేంటండీ?"

"పని చూడు బ్రహ్మయ్యా. పిడకలు తెచ్చాను" అంది అమ్మ.

బ్రహ్మయ్య వంగి పట్టా పట్టుకుని లాగాడు. సుత్తి అక్కర్లేకుండా చేత్తోనే వచ్చేసింది. పేడులన్నీ జలజలా రాలాయి. అక్కడున్న మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతను పురికొసతో కొలిచి, పట్టా మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. మధ్య నాలుగు వేళ్ళు. ఉలి తీసుకుని గీత మీద ఆనించాడు. అమ్మ గంప దించి పక్కన నిలబడింది. ఆమె మొహంలో అంత నెమ్మది నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు మా నాన్న వచ్చాడు. పెదనాన్నకి ఎవరో కబురు మోశారు, ఆయన నాన్నని పొలం నుంచి పిలిపించాడు. నాన్న అమ్మ కేసి చూడలేదు.

"ఆపు బ్రహ్మయ్యా. అన్నయ్య వద్దన్నాడు."

"సుబ్బయ్యగారండీ, తోలేది తమరు కదండీ" అన్నాడు బ్రహ్మయ్య.

"అన్నయ్య వద్దన్నాడయ్యా."

బ్రహ్మయ్య ఉలి కింద పెట్టాడు. ఒక్క దెబ్బ కొట్టేసి ఉంటే పట్టాకి గాటు పడేది, గాటు పడిన పట్టాని కోసి అతకక తప్పేది కాదు. కొట్టలేదు. ఆ సంగతికి అతని మీద కూడా నాకు కోపం పోలేదు. నాన్న నేల మీద కూర్చుని రాలిన పేడులు ఏరి, పట్టా మళ్ళీ చక్రానికి తొడిగి, ఒక్కొక్క పేడూ రాయితో దిగగొట్టాడు. మేమందరం చూస్తూ నిలబడ్డాం. తర్వాత లేచి, చక్రాన్ని తనే దొర్లించుకుంటూ ఇంటి దారి పట్టాడు. పిడకల గంప అక్కడే వదిలేసి అమ్మ వెనకే నడిచింది.

ఇంటికొచ్చాక ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. తిన్నగా అరుగు దగ్గరికి వెళ్ళి పెదనాన్న ఎదురుగా నిలబడింది. నేను అలవాటుగా మధ్యలోకి వెళ్ళబోయాను. నన్ను పక్కకి తోసింది.

"రేపు బండి మీరు తోలండి బావగారూ."

పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆమె గొంతు ఆయన మొహాన పడడం అదే మొదలు. ఆయన ఆమె కేసి చూడకుండా గోడ కేసి చూశాడు. "ఏరా సుబ్బా, ఇంట్లో ఆడది నా ఎదురుగా నిలబడి మాట్లాడే రోజొచ్చిందా?"

"లోపలికెళ్ళు" అన్నాడు నాన్న, అమ్మతో.

మర్నాడు తెల్లారి నాన్న నూతిలోంచి తోడి చక్రం మీద ఇరవై కడవల నీళ్ళు పోశాడు. బెల్లం దిమ్మలు ఎత్తించుకుని సామర్లకోట బయల్దేరాడు. అమ్మ బయటికి రాలేదు. తర్వాత జరిగింది వెనక బండి తోలుకొస్తున్న పేరయ్య చెప్పాడు. రెండు జాములయ్యేసరికి పోసిన నీళ్ళు ఆవిరైపోయాయి. లాకు వంతెన ఎక్కేటప్పుడే పేడులు రాలడం మొదలుపెట్టాయి. పేరయ్య కేకేశాడు కూడా. దిగుడులో పట్టా ఊడి, బండిని దాటి ముందుకు దొర్లుకుంటూ పోయి ఎండిన కాలువలో పడింది. ఉత్త చెక్క రాళ్ళకి కొట్టుకుని పూటీలు పగిలాయి, ఆకులు విరిగాయి, బండి కుడివైపుకి ఒరిగిపోయింది. నాన్న కిందకి దూకి కాడి పట్టుకుని ఎడ్లని ఆపబోయాడు. బెల్లం బరువంతా ఆయన కుడి కాలు మీద పడింది. మంచం మీద మోసుకుని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ పెదనాన్న ఒకటే మాట చెప్పేవాడు. "మా సుబ్బడికి దిగుడులో ఎడ్లని నిలవరించడం ఎప్పుడు చేతనైంది గనక?" మంచం మీదున్న నాన్నకి వినబడేలాగే చెప్పేవాడు. పది రోజులు తిరక్కుండా చక్రానికి కొత్త పూటీలు వేయించాడు. కాలువలోంచి తెచ్చిన పట్టాని పాలేరు చేత నోరెత్తకుండా బ్రహ్మయ్య దగ్గరికి పంపించాడు. బ్రహ్మయ్య ఆ పూటే కోసి, అతికి, కాల్చి, వేసి పంపాడు. సాయంత్రం అతనే మా ఇంటికొచ్చి కోసిన ముక్కని అరుగు మీద పెట్టాడు. "తమరి ముక్కండి గంగయ్యగారూ. నాలుగు వేళ్ళు. కొలుచుకోండి" అని వెళ్ళిపోయాడు. పెదనాన్న దాన్ని తీసి లోపల దాచాడు. ఆ పట్టా ఆ తర్వాత దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు నడిచింది. రామం ఇంట్లో చెప్పుకునే పొదుపు కథ అదే. దాని ముందు ఏం జరిగిందో వాళ్ళు చెప్పుకోరు.

అమ్మ వేరు పడతానంది. ఆడది వేరు పడడమేంటని ఊరు నవ్వింది. ఆమె నాన్ననీ నన్నూ తీసుకుని రాజమండ్రి వచ్చి, మిషన్ బడి పిల్లల వంటకి వడ్లు దంచే పనిలో చేరింది. ఆ బడిలోనే నేను చదువుకున్నాను, అక్కడే పంతులమ్మనయ్యాను. నాన్న గుమ్మంలో కూర్చుని తాళ్ళు పేనేవాడు. అమ్మ చిరిగిన చీరకి అతుకు వేసేది, ఆ అతుకుకి ఇంకో అతుకు వేసేది. కాని నా చెప్పు తెగితే ఆ పూటే కుట్టించేది, నూతి చేద తాడు ఒక్క పోగు తెగినా మార్పించేది. పెదనాన్నది పొదుపంటే మా అమ్మది ఏమనాలో నాకు తెలియదు. ఇప్పుడు గోదావరి మీద రైలు నడుస్తోంది. రబ్బరు చక్రాలొచ్చాయి, రబ్బరు ముక్క అతికించి గాలి కొట్టేవాళ్ళు వచ్చారు. ఆ కాలంలోనూ బాగుచేయడం తెలిసినవాడు ఊళ్ళోనే ఉన్నాడు. ఖర్చు గంపెడు పిడకలు. ఎదటివాడు చెప్పింది నిజమని ఒప్పుకోవడమే మా ఇంట్లో అన్నిటికన్నా ప్రియమైపోయింది. ఈ కాలంలో అది చవకైందని నాకు ఎవరూ చెప్పలేదు.

పెదనాన్న పోయాడని కబురొచ్చిన రోజున నాన్న భోరున ఏడ్చాడు. నాకు అప్పటికి ముప్ఫై ఏళ్ళు. అమ్మ వడ్లు దంచడానికి వెళ్ళింది. ఆ ఏడుపు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ అడగని మాట అడిగేశాను.

"ఆ రోజు కొలిమి దగ్గర్నుంచి చక్రాన్ని ఎందుకు తెచ్చేశావు నాన్నా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నలుగురిలో అన్నయ్య మాట పోద్దని."

"పట్టా ఊడదనుకున్నావా?"

చేతిలో ఉన్న తాడుని ఇటూ అటూ తిప్పాడు.

"ఊడుద్దని తెలుసమ్మా. ఆ మోత వింటే నాకు తెలీదేంటి? నోరెత్తి అన్నయ్యకి ఎదురు చెప్పలేను. ఊడితే తప్పు ఆయనదే అవుద్ది కదా, ఇంక ఎవ్వరూ చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. కాలు పోద్దనుకోలేదు."

అంతకాలం ఆయన్ని మెతక మనిషి, ఏమీ తెలియని మనిషి అనుకుంటూ వచ్చాను. ఆయనకి అన్నీ తెలుసు. తెలిసే బండెక్కాడు. ఎక్కేటప్పుడు ఆయన తలపులో అన్నయ్య ఉన్నాడు, తను ఉన్నాడు. వీధి వెంట చక్రం దొర్లించిన అమ్మ లేదు, నేను లేను. పెదనాన్న మీద ఎన్నడూ రానంత కోపం ఆ క్షణాన నాన్న మీద వచ్చింది. నోరు తెరిచేలోగా అమ్మ వచ్చింది. మోచేతులదాకా తవుడు.

"ఏంటి మాట్లాడుకుంటన్నారు?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను.

ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ మనిషికి మళ్ళీ అన్నం వడ్డించేది కాదు. ఆమె పోయాక నేను వడ్డించాను, ఆయన పోయేదాకా, పదకొండేళ్ళు. కంచం పెట్టి, పక్కన మంచినీళ్ళు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒక్కపూట కూడా ఎదురుగా కూర్చోలేదు.